మూడో వంత

బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. మూడో వంత ఎదురుగా నేలమీద కూర్చుంటాడని మా ఊరి పెద్దాయన్ని చూశాకే తెలిసింది నాకు. పత్తితీతలున్నా, మిరపకాయలు కళ్లంలో ఉన్నా, గుమ్మెట మోగితే చాలు, ఖాళీ గోతం చంకన పెట్టుకుని వచ్చేవాడు. నటుడు కాదు, వాద్యగాడు కాదు. సరైన చోట ఒక్క ‘భళా’ అనేవాడు, అంతే! వంత చేతికి ఊపొచ్చేది.

శివరాత్రికి కోటప్పకొండ ప్రభ వెంట ఎండు పత్తికట్టె మోసేవాడు. మంచుకు డప్పు తోలు మెత్తబడితే మోత మొద్దుబారుతుంది. మంట మీద కాచాలి. ఆ కట్టె ఎవరూ అడగలేదు, డబ్బూ ఇవ్వలేదు.

బుర్రకథకుడు పొన్నెకల్లు నాజర్‌కి 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’, అంటే దూది ఏకేవాడు. పత్తినేలకు తగ్గ పేరే. మరి తెల్లవార్లూ ఆ కథలు విన్నవాళ్లకో? శాలువాలన్నీ వేదిక మీదే ఆగిపోతాయి (ఉపన్యాసాలు మాత్రం కిందిదాకా వస్తాయి).

మొన్న తిరునాళ్లలో డీజే మోగింది. దానికి కాచే పనిలేదు. పెద్దాయన గోతం పరిచే చోట జనరేటర్ పెట్టారు.