మా చెల్లెలి నోటు పుస్తకం

పిల్లాడికి మూడేళ్ళొచ్చినా మాటలు రాకపోతే కోనసీమ ఊళ్ళలో ముందు విచారణ తల్లికే. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావా, ఫోను చేతికిచ్చేసి వంటింట్లో దూరిపోయావా, పిల్లాణ్ణి ఎత్తుకుని నాలుగు మాటలైనా చెప్పేదానివా? అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, పూతరేకుల పొట్లం పట్టుకొచ్చి మరీ అడుగుతారు. అంబాజీపేట పక్క ఊరి కోడలైన మా చెల్లెలు ఆ విచారణలన్నీ నిలబడి విన్నది.

అమ్మలక్కల మాటలని తీసిపారేద్దామంటే, పేరుమోసిన డాక్టర్లు కూడా ఏళ్ళ తరబడి ఇదే మాట అన్నారు, కాకపోతే ఇంగ్లీషులో. 1943లో అమెరికా వైద్యుడు లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజం మీద ఈనాటి చర్చకి అదే మొదలంటారు. ఈ పిల్లలు పుట్టుకతోనే ఇలా ఉన్నారని రాస్తూనే, వీళ్ళ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా ఆయన రాశాడు. మొదటి మాట మూలనపడింది, రెండోదే ఊరంతా పాకింది. కన్నబిడ్డను దగ్గరకి తీయని 'ఫ్రిజ్ తల్లులు' అని ఒక పేరు పుట్టింది. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఆ వాదాన్ని ఒక లావుపాటి పుస్తకంగా అచ్చువేశాడు. అప్పటికి మూడేళ్ళ ముందే బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, తనూ ఇలాంటి పిల్లాడికి తండ్రే, ఇది మెదడు ఎదిగే తీరులోని తేడా తప్ప పెంపకంలోని లోపం కాదని గట్టిగా రాశాడు. 1977లో ఇంగ్లండులో కవలలని పరిశీలించినవాళ్ళకి, ఇందులో వారసత్వం పాలు ఎక్కువని తేలింది.

నన్ను ఆలోచనలో పడేసింది ఈ సిద్ధాంతాలు కాదు, ఒక ఉత్తరం. కానర్ చూసిన మొదటి పిల్లాడు మిసిసిపీలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరి డోనాల్డ్ ట్రిప్లెట్. వాణ్ణి చూపించడానికి ముందు, 1938లో, తండ్రి 33 పేజీల ఉత్తరం పంపాడు. వాడు ఏం తింటాడు, ఏం తిప్పుతాడు, ఏ మాట ఎన్నిసార్లు అంటాడు, అన్నీ అందులో ఉన్నాయి. కానర్ వ్యాసంలో డోనాల్డ్ గురించిన భాగానికి చాలా సరుకు ఇచ్చింది ఆ ఉత్తరమే. బిడ్డ గురించి 33 పేజీలు రాయగలిగిన ఇంటివాళ్ళనా ముభావులన్నది!

మా చెల్లెలి దగ్గరా ఉందో పుస్తకం. పాల లెక్క రాసే పుస్తకాన్నే వెనక నుంచి తిప్పి రాయడం మొదలుపెట్టింది. కుక్కరు కూతకి చెవులు మూసుకున్నాడు. పిలిస్తే తిరగలేదు గానీ పక్కింట్లో మిక్సీ వేస్తే పరిగెత్తుకొచ్చాడు. అన్నంలో పప్పు కలిపితే తోసేశాడు, విడివిడిగా పెడితే రెండూ తిన్నాడు. మన దేశంలో వాడే ఆటిజం కొలమానాన్ని సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మానసిక ఎదుగుదల లోపాల మీద పనిచేసే జాతీయ సంస్థే తయారుచేసింది. 2009లో వచ్చిన ఆ కొలమానంలో నలభై అంశాలుంటాయి, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. పరీక్ష చేసేవాళ్ళు పిల్లాణ్ణి చూస్తారు, తల్లినీ అడుగుతారు. రక్తపరీక్షలో, స్కానింగులో తేలే సంగతి కాదిది. వాళ్ళు అడిగినప్పుడు మా చెల్లెలు పాల పుస్తకం తిరగేసి ఇచ్చింది.

ఆటిజం ఉన్న ఇద్దరు పిల్లలు ఒకలా ఉండరు. ఒకరికి మాటలు ఆగవు, ఒకరికి ఎన్నేళ్ళకీ రావు. ఒకరికి ముట్టుకుంటే గిట్టదు, ఇంకొకరు గట్టిగా హత్తుకుంటేనే కుదుటపడతారు. అందుకే, నయం చేసేస్తామని బోర్డులు పెట్టేవాళ్ళ కంటే ఆ పాల పుస్తకం మీదే నాకు గురి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పిల్లాణ్ణి తీసుకెళ్ళాలని మా బావగారి పట్టుదల. డప్పులు, బాణాసంచా, పదకొండు ఊళ్ళ ప్రభలు, నేల ఈనినట్టు జనం. పుస్తకం చూస్తే వాడికి పడనిది జనం కాదు, ఉన్నట్టుండి వచ్చే చప్పుడు. అందుకని ఊళ్ళో ప్రభకి వెదురు కట్టి, రంగు బట్టలు చుట్టే రోజుల్లోనే మా చెల్లెలు వాణ్ణి తీసుకెళ్తోంది. వాడు ఆ ప్రభ చుట్టూ తిరిగి దబ్బలు లెక్కపెడతాడు. కొబ్బరి దింపు రోజున కాయల రాశి దగ్గరా అంతే. మధ్యలో ఎవరైనా కదిలిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం శిబిరం చుట్టూ తిరగడం వేరే కథ. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు, 2016 చట్టంలో చేరింది. ఆ కాగితం చూపించాకే మా చెల్లెలి అత్తగారు గ్రహణం మాట ఎత్తడం మానేశారు. పేరు పెట్టడం వల్ల పిల్లాడిలో ఏమీ మారలేదు. తల్లి మీద మాత్రం కేసు కొట్టేశారు.

మొన్న డోనాల్డ్ సంగతి తనకి చెప్పాను. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఎన్నో దేశాలు తిరిగాడు, ఊళ్ళో బ్యాంకులో చాలా ఏళ్ళు పనిచేశాడు, 2023లో 89 ఏళ్ళకి పోయాడు అని.

"బ్యాంకులో ఎలా తీసుకున్నారన్నయ్యా?"

"వాళ్ళమ్మ పుట్టింటివాళ్ళదే ఆ బ్యాంకు."

"అదీ సంగతి!" అని నవ్వింది. పద్నాలుగేళ్ళ కొడుకు వైపు చూసి, "మనకి బ్యాంకు లేదుగా. అంబాజీపేటలో కొబ్బరి కొట్లున్నాయి. లెక్క వీడు తప్పడు. నీకు తెలిసిన షావుకారు ఎవరైనా ఉన్నారా, ముందు ఉన్నట్టుండి చప్పుడు రాని కొట్టు చూడు" అంది.