అమ్మ కాచే తీపి చారు

'తోంగ్ సుయ్' అంటే చక్కెర నీళ్లు. పేరు వింటే నీరసంగా ఉన్నవాళ్లకి పట్టించేదేదో అనిపిస్తుంది కానీ... దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లోనూ హాంకాంగ్‌లోనూ రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ ఎదురుచూసేది ఈ తీపి చారు కోసమే. అచ్చంగా వీటినే అమ్మే కొట్లు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. అయినా, ఇంట్లో కాచినదాని రుచే వేరంటారు అక్కడివాళ్లు.

ఎర్రగింజల చారునే తీసుకోండి. ఇవి రాజ్మా కావు, పెసల జాతికే చెందిన చిట్టి గింజలు. నానబెట్టి, ఎండిన కమలా తొక్క వేసి సన్నసెగ మీద ఉడికిస్తారు. ఆ తొక్క ఎంత పాతదైతే అంత విలువ, మన పాతబియ్యంలాగా! గింజలు పగిలి, లోపలి పిండి ఇసుకలా చారులో కలవాలి. దాన్ని 'ఇసుక లేవడం' అనే అంటారు. చక్కెర వేసేది ఆ తర్వాతే. ముందే వేస్తే గింజ బిరుసెక్కి ఓ పట్టాన ఉడకదు. పప్పు ఉడికాకే పూర్ణానికి బెల్లం కలిపే మన ఇల్లాళ్లకి ఈ కిటుకు చెప్పక్కర్లేదు.

ఏ రోజు ఏ చారు కాయాలన్నది మాత్రం ఇంట్లోవాళ్ల ఒంటిని బట్టి ఉంటుంది. పరీక్షలని రాత్రుళ్లు మేలుకుని మొటిమలు తెచ్చుకున్న అబ్బాయికి 'వేడి చేసింది' అని పెసల చారు. ఆకురాలు కాలపు పొడిగాలికి గొంతు గరగరలాడుతున్న ఇంటాయనకి తెల్ల పుట్టగొడుగూ బేరిపండూ పటికబెల్లంతో ఉడికించి ఇస్తారు. చలికి వణికే అత్తగారికైతే అల్లం దండిగా దంచివేసిన చిలగడదుంపల చారు. వేడి, చలవ... అచ్చం మన బామ్మల భాషే! డాక్టర్లు ఏమంటారన్నది అలా ఉంచితే, ఎవరి మొహం ఎలా ఉందో రోజూ గమనించేవాళ్లే కాయగల చారు ఇది.

శాకాహారులు మాత్రం అడిగి తాగడం మంచిది. ఓ రకం పక్షి తన లాలాజలంతో కట్టుకున్న గూటిని శుభ్రం చేసి కాచే చారు కూడా ఉంది మరి. ఖరీదూ ఎక్కువే.

నల్ల నువ్వులు వేయించి, నానిన బియ్యంతో కలిపి తిరగలిలో రుబ్బి, జావలా కాచే ఓపిక ఇప్పుడు చాలా ఇళ్లలో లేదు. పొడి ప్యాకెట్లు వచ్చేశాయి. వేడినీళ్లు కలిపితే సరి. ఇద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే ఇళ్లలో దాన్ని తప్పనీ అనలేం.

చదువుకని దేశం దాటిన పిల్లలకి ఆ ప్యాకెట్ అక్కడా దొరుకుతుంది. అమ్మ చారే కావాలనుకుంటే ఫోను చేయాలి. ఎన్ని గింజలు, ఎన్ని నీళ్లు, ఎంతసేపు అని వీళ్లు కాగితం పట్టుకుని అడుగుతుంటే, అమ్మ ప్రశ్నలు వేరేగా ఉంటాయి. దగ్గుందా? రాత్రి ఎన్నింటికి పడుకున్నావ్? పెదాలు పగిలాయా?

అవి తేలాకే ఏ గింజలు నానబెట్టాలో చెబుతుంది.