బేలుం గుహలలో తెల్ల కండువా

వేసవి సెలవులలో మా మనుమరాలితో కలిసి నంద్యాల జిల్లాలోని బేలుం గుహలు చూడబోయాను. చదునైన నేలలో పెద్ద గొయ్యివంటి ద్వారం ఉన్నది. మెట్లు దిగితే, నీరు ఎన్నో వేల ఏండ్లుగా సున్నపురాతిని కరిగించి తొలిచిన సొరంగాలు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో మనం చూడగలిగేది ఒకటిన్నర కిలోమీటరు.

లోపల పసుపుపచ్చని దీపాలు. కంటికి బూడిదరంగుగా ఉన్న రాయి మా కొత్త డిజిటల్ కెమెరాలో నారింజపండులా వచ్చింది! "దుకాణంవాడు మోసం చేశాడు" అని విసుక్కున్నాను.

"తాతయ్యా, ఫోటోలో నీ తెల్ల కండువా కూడా నారింజరంగే!" అన్నది పాప.

అప్పుడు తెలిసింది. ఆ దీపాల వెలుగులో నీలం తక్కువ. మన కన్నూ మెదడూ ఆ లోటు సర్దుకుంటాయి. కెమెరా ఒక్కొక్కప్పుడు పొరబడుతుంది. ఏది తెలుపో మనమే చూపాలి. ఆ సవరణనే వైట్ బ్యాలెన్స్ అంటారు. దీపం కింద కండువా పరచి, "ఇదే తెలుపు" అని కెమెరాకు చూపాము. తరువాతి ఫోటోలో రాయి రాయిలాగే వచ్చింది.

పైకి వచ్చి ఎండలో తీసిన ఫోటో మాత్రం నీలంగా వచ్చింది! పాప నవ్వి, అమరిక మార్చింది. నేను దుకాణదారుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.