ఇబ్రహీంపట్నం చెరువు గట్టు మీద ఫ్రాంక్‌ఫర్టు మాట



గత వేసవిలో ఒక శనివారం, మాకు తెలిసిన ఒక కుటుంబం పిలిస్తే ఇబ్రహీంపట్నం వెళ్ళాము. ఎల్.బి. నగర్‌లో సాగర్ రోడ్డు బస్సు ఎక్కితే తుర్కయాంజాల్, బొంగులూరు గేటు, మంగళ్‌పల్లి, శేరిగూడ దాటి ఊరు వస్తుంది. దారి పొడవునా వెంచర్ల బోర్డులు, ఇంజనీరింగు కాలేజీల పచ్చ బస్సులు. చేను కనబడితే వేలు పెట్టి చూపించుకోవలసిన కాలం ఇది. గోల్కొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరనే ఈ ఊరు వెలిసింది. ఊరికి అందం ఇక్కడి పెద్ద చెరువే.

ఆ చెరువు కింద ఈ కుటుంబానికి రెండెకరాలు ఉంది. అందులో అర ఎకరం అమ్మాలా వద్దా అన్నదే మమ్మల్ని పిలిచిన సంగతి. వారి అమ్మాయి బి.కాం. రెండవ సంవత్సరం. యూరపు వెళ్ళి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో చేరాలని ఆమె పట్టుదల.

తండ్రి మమ్మల్ని గట్టు మీదికి తీసుకొని పోయి మెల్లగా అన్నాడు: "అయ్యగారూ, బిడ్డ బ్యాంకుల నౌకరి అంటున్నది. బ్యాంకు మన ఊళ్ళె లేదా? దానికి జర్మనీ దాకా ఎందుకు?"

న్యాయమైన ప్రశ్నే. ఆయనకు తెలిసిన బ్యాంకు పాసుబుక్కులో అంకె వేసేది. ఇది వేరు. ఊళ్ళో భూమి బేరం కుదిరేటప్పుడు మధ్యన ఒక పెద్దమనిషి ఉంటాడు గదా! ధర కడతాడు, కొనేవాణ్ణి వెదుకుతాడు, కాగితాలు సరిచూస్తాడు, కమీషను తీసుకుంటాడు. కంపెనీలు అమ్ముడుపోయేటప్పుడు, కలిసిపోయేటప్పుడు, షేర్లు గాని బాండ్లు గాని అమ్మి సొమ్ము కూర్చుకునేటప్పుడు ఆ పెద్దమనిషి పని చేసేదే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు. ఈ మాట చెప్పగానే ఆయన నవ్వి, "అయితే మన సాగర్ రోడ్డు నిండ ఆ బ్యాంకులే" అన్నాడు.

యూరపులో ఈ పనికి చాలాకాలం లండనే పెద్ద దిక్కు. బ్రిటన్ 2020లో యూరోపియన్ యూనియన్ నుండి బయటికి వచ్చాక పెద్ద బ్యాంకులు కొంత సిబ్బందిని ఫ్రాంక్‌ఫర్టుకు, పారిస్‌కు మార్చాయి. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు 1998 నుండి ఫ్రాంక్‌ఫర్టులోనే ఉంది. మిలాన్‌లో 1902లో స్థాపించిన బొకోని విశ్వవిద్యాలయం, పారిస్ దగ్గర హెచ్.ఈ.సి., జర్మనీలో మన్‌హైమ్ ఈ వృత్తికి పేరున్న చదువుల చోట్లు.

నగరంలో ఒక కన్సల్టెన్సీ వారు అమ్మాయితో, సీటు మేము ఇప్పిస్తాం, చదువు అయ్యాక ఉద్యోగం అదే వస్తుంది అన్నారట. మాకు గుండె ఝల్లుమన్నది ఇక్కడే. మా దగ్గరి బంధువుల అబ్బాయి ఒకడు ఫ్రాంక్‌ఫర్టులో ఈ పనిలోనే ఉన్నాడు. అతడు ఫోనులో చెప్పినది అమ్మాయి ముందు పెట్టాము.

అక్కడ పట్టా చేతికి వచ్చాక ఉద్యోగం వెదికేవాడు ఆలస్యమైనవాడే. విద్యార్థిగా ఉండగానే మూడు నెలలో ఆరు నెలలో ఇంటర్న్‌షిప్ చేయాలి. మొదట ఒక చిన్న సంస్థలో, తర్వాత పెద్ద బ్యాంకులో. ఆ పనిలో మెప్పించినవారిని తీసుకోవడమే అక్కడి వాడుక. ఫ్రాన్సులో ఇంటర్న్‌షిప్‌కు కళాశాల కూడా సంతకం పెట్టిన ఒప్పందం ఉండాలి. విద్యార్థి కానివాడికి ఆ తలుపు తెరుచుకోదు. అందుకే అక్కడి పిల్లలు మాస్టర్స్ రెండేళ్ళ మధ్య ఒక ఏడాది విరామం తీసుకొని రెండు ఇంటర్న్‌షిప్‌లు ముగిస్తారు. జర్మనీలో పట్టా తర్వాత ఉద్యోగం వెదకడానికి 18 నెలల గడువు ఇస్తారు గాని, విద్యార్థి దశలో పోగొట్టుకున్నది ఆ గడువులో దొరకడం కష్టం.

రెండవది భాష. జర్మనీలో కుటుంబాలు నడిపే మధ్యతరహా కంపెనీలు విస్తారం. పిల్లలు పగ్గాలు పట్టకపోతే తండ్రులు కంపెనీని అమ్మేస్తారు. ఆ బేరాలూ, ఆ కాగితాలూ జర్మన్‌లోనే. మా అబ్బాయికి మొదటి ఏడాది ఇంటర్వ్యూలే రాలేదు. రాత్రిబడిలో జర్మన్ నేర్చుకున్నాకే పిలుపు వచ్చింది.

ఇక ఖర్చు. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల ఫీజు లేదు. మన్‌హైమ్ ఉన్న రాష్ట్రంలో మాత్రం మనవంటి విదేశీయులకు సెమిస్టరుకు 1,500 యూరోలు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో ఏడాది ఖర్చు చూపించాలి. 2024 సెప్టెంబరులో అది 11,904 యూరోలు అయ్యింది. యూరో నూరు రూపాయల లెక్కన దాదాపు 12 లక్షలు. ఆ సొమ్ము మనదే, నెలనెలా తీసుకోవచ్చు. మన డిగ్రీ పత్రాలకు ఏ.పి.ఎస్. సర్టిఫికెట్టు కూడా కావాలి. మన మూడేళ్ళ డిగ్రీని అన్ని విశ్వవిద్యాలయాలూ ఒకేలా లెక్కగట్టవు కాబట్టి ముందే రాసి అడగాలి. ఆ రాయడానికి కన్సల్టెన్సీ అక్కరలేదు, అమ్మాయికే చేతనవుతుంది. విదేశీ చదువులకు తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే ఉపకారవేతనం గురించి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో విచారించమని కూడా చెప్పాము. క్రైస్తవులూ ఆ కోవలోకి వస్తారని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు!

తల్లి అంతసేపూ మాట్లాడలేదు. చివరికి ఒక్కటే అడిగింది: "ఆదివారం సెలవుంటదా?" దాచడం ఎందుకు? తొలి సంవత్సరాల్లో అర్ధరాత్రి దాకా పని, చాలా వారాలు శని ఆదివారాలు కూడా అని మా అబ్బాయి చెప్పిన మాటే చెప్పాము. ఆమె కూతురి వైపు చూసింది. అమ్మాయి తల వంచుకుంది గాని, వెనక్కి తగ్గినట్టు మాకు తోచలేదు.

అర ఎకరం ఇప్పుడు అమ్మవద్దన్నదే మా సలహా. డిగ్రీకి ఇంకా ఏడాదికి పైగా ఉంది. ఈలోగా జర్మన్ నేర్చుకోవాలి, హైదరాబాదులో ఏదైనా ఆడిటరు దగ్గర సెలవుల్లో పని చేసి బ్యాలెన్స్ షీటు చదవడం నేర్చుకోవాలి. విశ్వవిద్యాలయం నుండి ఉత్తరం వచ్చిన నాడు భూమి సంగతి మళ్ళీ మాట్లాడుకోవచ్చు. ఈ రోడ్డు మీద భూమి ధర అంతలో పడిపోదు గదా!

తండ్రి పాసుబుక్కు తీసుకెళ్ళి బీరువాలో పెట్టాడు. మేము బస్సు ఎక్కేదాకా అమ్మాయి వెంట వచ్చి, జర్మన్ క్లాసుకు వారానికి ఎన్నిసార్లు నగరానికి రావాలో, ఆఖరి బస్సు ఎన్నింటికో కండక్టరును అడిగి చేతి మీద రాసుకుంది.