వాద్యము మార్చు వేళ

సాధనము, సాధన అను రెండు మాటలును ఒక్క ధాతువునుండియే పుట్టినవి. సాధనమనగా పనిముట్టు, సాధనయనగా అభ్యాసము. ఈ రెంటిలో దేనిని ముందు మెఱుగుపఱచుకొనవలెనను ప్రశ్న సంగీతము నేర్చు ప్రతి విద్యార్థికిని ఒకనాడు కలుగును.

మాండొలిన్ ఇటలీ దేశపు వాద్యము. దానికి ఎనిమిది తీగలు కలవు. అవి రెండేసి జతగా నాలుగు వరుసలుగా నుండును. వయొలిన్ తీగలవలెనే వానిని శ్రుతి చేయుదురు. క్రొత్తగా నేర్చువారు కొను చవుక మాండొలిన్ పైపలక సాధారణముగా ప్లైవుడ్డుతో చేయబడును. మేలైన వాద్యమునకు స్ప్రూసు వంటి చెట్టు అసలు చెక్కను చెక్కి అమర్చుదురు. పొరలు లేని చెక్క స్వేచ్ఛగా కంపించును. కావున నాదము నిండుగా నుండును. వెలయు హెచ్చుగా నుండును.

ఒక చిన్న పట్టణమున ఒక బాలుడు చవుక మాండొలిన్‌పై రెండేండ్లు అభ్యాసము చేసెను. రానురాను అది వానికి రుచింపలేదు. పై స్థాయికి పోయినకొలది స్వరము తప్పుచుండెను; తీగను నొక్కి నొక్కి వ్రేళ్లు కందిపోవుచుండెను. వాని తండ్రి దర్జీ. క్రొత్త కుట్టుమిషను కొఱకు ఆయన కూడబెట్టిన సొమ్ము ఇంట నుండెను. “మిషను తరువాత చూతము, ముందు నీకు మాండొలిన్ కొందము” అని తండ్రి పలికెను. ఆ మాటతో బాలునికి సంతోషమును సంకోచమును ఒక్కసారే కలిగినవి. వాడు గురువు కడకు పోయి, “క్రొత్తది కొనవచ్చునా, గురువుగారూ?” అని అడిగెను.

గురువుగారు బదులు చెప్పక వాద్యమును చేతికి తీసికొనిరి. త్రుప్పుపట్టిన తీగలను విప్పి క్రొత్తవి కట్టిరి. తీగలను మోయు గుఱ్ఱమునకున్న మరలను త్రిప్పి వాని ఎత్తు తగ్గించిరి. పిమ్మట పండ్రెండవ మెట్టుకు సరిగా పైన తీగను వ్రేలితో తాకీ తాకనట్లుంచి మీటిరి. మరల ఆ మెట్టుననే గట్టిగా నొక్కి మీటిరి. ఈ రెండు స్వరములును ఏకీభవింపవలెను. ఏకీభవింపనిచో గుఱ్ఱము చోటు తప్పినదని అర్థము. ఆయన దానిని ఇంచుక జరిపి సరిచేసిరి. స్వరము నిలిచెను, తీగ మెత్తబడెను. అయిన ఖర్చు క్రొత్త తీగల వెల మాత్రమే.

“ఇక మిగిలిన లోపమేమి?” అని గురువుగారు అడిగిరి.

“నాదము మందముగా నున్నదండీ.”

“నిజమే. అది చెక్క గుణము, నేను తీర్పలేను. కాని నాయనా, వేగముగా వాయించునపుడు నీ స్వరములు తడబడుచున్నవి. అది చెక్క లోపమా, చేతి లోపమా?”

బాలుడు కొంతసేపు ఆలోచించి, “చేతిదేనండీ” అనెను.

“అయినచో చేతిని ముందు దిద్దుకొనుము. నీ చేయి అడిగినదానిని ఈ వాద్యము ఈయలేని దినము వచ్చును. ఆనాడు మీ నాన్నగారితో నేనే చెప్పుదును.”

ఆ నెలలోనే దర్జీ ఇంటికి క్రొత్త కుట్టుమిషను వచ్చెను.

అట్లని వాద్యమును ఎన్నడును మార్చరాదని కాదు. మాండొలిన్‌ను కర్ణాటక సంగీత వేదికపై నిలిపిన ఉప్పలపు శ్రీనివాస్‌గారు 1969లో పాలకొల్లున జన్మించిరి. ఆఱేండ్ల ప్రాయమున తండ్రిగారి మాండొలిన్‌ను చేతబట్టిరి. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యము రాదు. ఆయన పాడి వినిపింపగా శిష్యుడు దానిని తీగలపై పలికించెడివాడు. 1978లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవమున శ్రీనివాస్‌గారి తొలి కచేరి జరిగెను. కర్ణాటక సంగీతమునకు గమకము ప్రాణము. గమకము పలుకుటకు స్వరమును ఊపవలెను, సాగదీయవలెను. జంటతీగలు అందులకు సులభముగా లొంగవు. మీటిన నాదము త్వరగా అణగిపోవును. అందుచే ఆయన ఒంటితీగలు గల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, ఐదవ తీగను గూడ చేర్చుకొనిరి. 1998లో పద్మశ్రీ పురస్కారము నందుకొని, 2014లో చెన్నైలో కీర్తిశేషులైరి.

ఆయన చేయి ముందు నడిచెను. వాద్యము దాని వెంట వచ్చెను. కలమైనను, క్రికెట్టు బ్యాటైనను, వీణయైనను క్రొత్తది కావలెనని తోచినపుడు విద్యార్థి తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఒక్కటి కలదు: “పాతది నాకు ఈయలేనిది ఏది?” ఆ ప్రశ్నకు స్పష్టమైన సమాధానము దొరకినచో క్రొత్తది కొనుట దుబారా కాదు. దొరకనిచో, మఱి కొన్నాళ్లు పాతదానితోనే సాధన చేయుట మేలు.