ఓహ్రిద్: ఒక బడి నిలబెట్టిన ఊరు

స్కోప్యే నుంచి ఓహ్రిద్‌కు బస్సులో మూడు గంటల పైనే పట్టింది. ఉత్తర మాసిడోనియాకు నైరుతి మూలన, అల్బేనియా సరిహద్దు దగ్గర, సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరిది. ఆ సరస్సు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, లోతు 280 మీటర్లు దాటుతుంది. యూరప్‌లోకెల్లా పాత సరస్సుల్లో ఇదొకటి. పాత ఊరంతా గుట్ట మీదే: రాళ్ళు పరిచిన ఇరుకు సందులు, పై అంతస్తులు వీధి మీదికి చొచ్చుకొచ్చిన తెల్లటి ఇళ్ళు.

ప్రాచీన కాలంలో దీని పేరు లిక్నిడోస్. అలెగ్జాండర్ తండ్రి రెండో ఫిలిప్ క్రీ.పూ. 358లో ఇలిరియన్ రాజు బార్డిలిస్‌ను ఓడించి తన రాజ్యాన్ని ఈ సరస్సు దాకా పెంచుకున్నాడు. తర్వాత రోమన్లు వచ్చారు. ఏడ్రియాటిక్ తీరం నుంచి బైజాంటియం వైపు వాళ్ళు వేసిన ఎగ్నాటియా రహదారి ఈ ఊరి మీదుగానే పోయేది. గుట్ట మీద గ్రీకుల కాలపు రంగస్థలం ఒకటుంది. నాటకాల కోసం కట్టిన ఆ చోటును రోమన్లు మనుషులూ మృగాలూ పోరాడే గోదాగా మార్చారు. జంతువులను ఉంచిన గదుల ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్ని మెట్ల మీద ఆ సీట్లవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. వేళ్ళతో తడిమి చూశాను, అక్షరాలు ఇంకా చేతికి తగులుతున్నాయి.

అక్కడి నుంచి కాస్త నడిస్తే ప్లావోష్నిక్. నేను ఎక్కువసేపు గడిపింది ఇక్కడే. స్లావు ప్రజల భాషకు లిపి కూర్చిన సిరిల్, మెథోడియస్ సోదరుల శిష్యుడు క్లిమెంట్ 886లో ఈ ప్రాంతానికి వచ్చాడు. మెథోడియస్ 885లో చనిపోయాక మొరావియా నుంచి ఆయన శిష్యులను తరిమేశారు. బల్గేరియా పాలకుడు బోరిస్ వాళ్ళను చేరదీసి, క్లిమెంట్‌ను ఇటు పంపాడు. చర్చిలో హీబ్రూ, గ్రీకు, లాటిన్ తప్ప మరో భాష పనికిరాదని గట్టిగా వాదించేవాళ్ళున్న కాలమది. అప్పుడు క్లిమెంట్ సామాన్యుల పిల్లలకు సొంత భాషలో చదువు చెప్పాడు. 3,500 మంది శిష్యులను తయారుచేశాడని ఆయన జీవిత చరిత్ర చెబుతుంది. 916లో పోయాక, ఇక్కడ తాను కట్టించుకున్న పాంతెలేమోన్ చర్చిలోనే ఆయన్ను సమాధి చేశారు.

టర్కీ సుల్తానుల పాలనలో ఆ చోట మసీదు వెలిసింది. 2002లో పాత పునాదుల మీద చర్చిని మళ్ళీ కట్టారు. గోడలు మరీ కొత్తగా ఉన్నాయి. శిథిలాలను శిథిలాలుగానే కాపాడి ఉంటే బాగుండేదని నాకనిపించింది. కానీ సమాధి ముందు మోకరిల్లిన ముసలమ్మలను చూశాక ఆ మాట గట్టిగా అనలేకపోయాను. పక్కనే 5వ శతాబ్దపు బసిలికా నేల మీద రంగురాళ్ళ చిత్రాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

గుట్ట కొసన, ఈ ఊరిని రాజధాని చేసుకున్న సమూయిల్ చక్రవర్తి కోట ఉంది. 1014లో బైజాంటైన్ చక్రవర్తి రెండో బాసిల్ చేతిలో ఆయన సైన్యం ఓడింది. పట్టుబడిన వేల మంది సైనికుల కళ్ళు పొడిపించి వెనక్కి పంపారనీ, వాళ్ళను చూసి సమూయిల్ కుప్పకూలాడనీ పాత చరిత్రకారులు రాశారు. నాలుగేళ్ళకు ఓహ్రిద్ కూడా బాసిల్ వశమైంది. రాజధాని హోదా పోయినా ఇక్కడి ఆర్చిబిషప్ పీఠం మాత్రం 1767 దాకా నిలిచింది.

కిందికి దిగి సెయింట్ సోఫియా చర్చికి వెళ్ళాను. దాన్ని మసీదుగా మార్చినప్పుడు 11వ శతాబ్దపు కుడ్యచిత్రాల మీద సున్నం వేశారు. ఆ సున్నం కిందే బొమ్మలు శతాబ్దాల పాటు భద్రంగా ఉండిపోయాయి, 1950లలో బయటపడ్డాయి. కానీ నన్ను కదలనివ్వనిది 1295 నాటి పెరివ్లెప్తా చర్చి. చిత్రకారులు మిఖాయిల్, యూతిఖియోస్. క్రీస్తు దేహం చుట్టూ ఏడుస్తున్న స్త్రీల బొమ్మ ఒకటుంది. వాళ్ళలో ఒకామె జుట్టు పీక్కుంటోంది. దేవతల ముఖాలు కావవి, చావింట్లో మనం చూసే ముఖాలు. ఇటలీ చిత్రకారుడు జొత్తో పదువా గోడల మీద ఇదే ఘట్టాన్ని గీసేందుకు ఇంకా పదేళ్ళు పడుతుంది.

యునెస్కో సరస్సును 1979లో, ఈ ఊరిని 1980లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒడ్డు వెంట అదుపులేని కట్టడాలు పెరుగుతున్నాయని అదే యునెస్కో పదేపదే హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరికను ఇక్కడి ప్రభుత్వం పెడచెవిన పెట్టకూడదు. సరస్సు పాడైతే ఈ ఊరు మిగలదు.

ఓహ్రిద్ వెళ్ళేవాళ్ళకు నాదొక మాట. అందరూ ముందు కోటెక్కి ఫోటోలు తీసుకుంటారు. మీరు మాత్రం ముందు ప్లావోష్నిక్‌కు వెళ్ళండి. ఆ తర్వాత పెరివ్లెప్తాలో యోధ సాధువుల బొమ్మల దగ్గర ఆగండి. ఒకరి కత్తి మీద చిత్రకారుడు మిఖాయిల్ తన పేరు రాసుకున్నాడు, వెతికి చూడండి.