మా తాతగారి భుజసంచి

లోకమున ఒక్కొక్కరికి ఒక్కొక్క వ్యసనము. కొందరు తపాలా బిళ్లలు కూర్తురు. కొందరు పాత నాణెములు కూర్తురు. మాకు పట్టుబడినది పాత సైనిక సామగ్రిని పోగుచేయు వ్యసనము. తుపాకులు, తూటాలు, సంగీనులు మా జోలివి కావు. అవి ఆయుధ చట్టమునకు లోబడినవి. వానిని మేమెన్నడును ఇంటికి తేలేదు. సిపాయి నడుమునకు, భుజమునకు, వీపునకు తగిలించుకొని నడచిన వస్తువులను మాత్రమే కూర్చితిమి. నీళ్లసీసా, భుజసంచి, అన్నపు టిన్నులు, పట్టీలు, ఇనుపటోపీ, మట్టి త్రవ్వు చిన్నపార, ఇట్టివి. ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందిన మావంటివానికి ఈ పిచ్చి ఎట్లు పట్టినదని సంఘ మిత్రులు పలుమార్లు అడిగిరి. ఈ సంచికకు దానినే వ్రాయుమని కోరిరి. ఇందు మా గొప్ప ఏమియు లేదు. మా తప్పు ఒకటి కలదు. అది చెప్పుటకే ఈ వ్యాసము.

మా పూర్వులది చిత్తూరు సీమలో పలమనేరు చెంత నొక పల్లె. మా తాతగారు ఇరువది యేండ్ల ప్రాయమున పల్లె విడిచి బెంగుళూరు దండునకు వచ్చి, మద్రాసు సాపర్ల పటాలమున చేరిరి. ఆ పటాలము 1780లో పుట్టినది. హలసూరు చెరువు దరిని దాని కేంద్రము నేటికిని ఉన్నది. సాపరు పని తుపాకి కాల్చుట మాత్రమే కాదు; వంతెన కట్టుట, బాట వేయుట, నీరు తీయుట, శత్రువు పాతిన మందుపాతరలను వెదకి తీయుట. ముండ్లకంచెలను పేల్చి దారి చేయుటకు 1912లో ఈ పటాలపు అధికారి మెక్లింటాక్ కల్పించిన గొట్టమునకే 'బెంగుళూరు టార్పెడో' అని పేరు. మన ఊరి పేరు అట్లు ప్రపంచపు యుద్ధభూములన్నిటికిని ప్రాకినది.

రెండవ ప్రపంచ యుద్ధమున తాతగారు ఈజిప్టు ఎడారిని, పిదప ఇటలీని చూచిరి. 1946లో మరలివచ్చి హలసూరులోనే కాపురము పెట్టిరి. మాకు తొమ్మిదేండ్లు నిండునప్పటికి వారు పోయిరి. యుద్ధమును గూర్చి వారు చెప్పినది మిక్కిలి స్వల్పము. "దినానికి ఒక సీసా నీళ్లు. తాగేదానికీ అవే, గడ్డం గీసుకునేదానికీ అవే" అని ఒకటి రెండుసార్లు అనగా వింటిమి. లోటాలో సగము త్రాగి విడిచిన నీటిని వారు ఎన్నడును పారబోయనీయలేదు, తులసికోటలో పోయించెడివారు. కొళాయి ధారగా వచ్చు దినములలోను అదే నియమము.

వారి సామానులో అటకమీది ట్రంకుపెట్టెలో మిగిలినది ఒక్క భుజసంచి. 1937 నమూనా అని దీనిని పిలుతురు. ఈ నమూనా వెబ్బింగు అనగా మంచమునకల్లు నవారువంటిదే. దానికంటె మందము, గట్టితనము ఎక్కువ. ఇత్తడి కొనలు, ఇత్తడి బకిల్సులు ఉండును. అంతకు ముందు 1908 నమూనా ఉండెడిది. తోలుపట్టీలు బోయరు యుద్ధమున పనికి చాలకపోవుటచే నూలుపట్టీలు వాడుకలోనికి వచ్చెను. 1937 నమూనాను మన సైన్యము స్వాతంత్ర్యానంతరము కూడ బహుకాలము వాడినది. 1962లో చైనాతో పోరినవారి భుజములమీదను ఇట్టి పట్టీలే యుండెను.

ఇక మా తప్పు. 1981వ సంవత్సరము. మాకప్పుడు ఇరువదియొక యేడు. ఉద్యోగమున క్రొత్తగా చేరితిమి. ఉగాదికి మన తెలుగువారు ఆడు నాటకములో మాకు సిపాయి వేషము వచ్చెను. తాతగారి సంచి జ్ఞప్తికి వచ్చి అటకనుండి దింపితిమి. దుమ్ముతో, మరకలతో చూచుటకు అసహ్యముగా నుండెను. మూత లోపలివైపు కాపీయింగు పెన్సిలుతో వ్రాసిన రెండు వరుసలు కనబడెను. మొదటిది నంబరు. రెండవది తెలుగులో పేరు, ఊరు. మేము దానిని శ్రద్ధగా చదువనైన లేదు. బక్కెటునిండ వేడినీరు పోసి, చాకలిసోడా వేసి, సంచిని రాత్రియంతయు నానబెట్టితిమి. ఉదయమున నీరు ఊదారంగుగా మారియుండెను. మురికి చక్కగా వదలినదని సంతసించి, రాతిమీద వేసి బ్రష్షుతో తోమితిమి.

ఎండవేసిన సంచిని చూచి మా అవ్వ దగ్గరకు వచ్చి, మూతను పైకెత్తి, చాలసేపు ఊరకున్నది. పిమ్మట, "దీంట్లో మీ తాత చేత్తో రాసిండేది ఉండె గదా నాయనా! యాడికి పోయె?" అని యడిగినది. అవ్వకు చదువు రాదు. అక్కడ ఏమి వ్రాసియున్నదో ఆమె చెప్పలేదు. అది ఆయన వ్రాత యని మాత్రమే ఆమెకు తెలియును. కాపీయింగు పెన్సిలు వ్రాత నీట కరగి ఊదారంగగునని మాకు అప్పుడు తోచెను. ఆ రాత్రి బక్కెటులో కరగినది తాతగారి దస్తూరి. మా ఇంట వారి వ్రాత మరియొకటి లేదు.

ఆ నష్టము ఎంతటిదో పెద్దవారమైన పిదప తెలిసినది. తాతగారు ఏ కంపెనీలో పనిచేసిరి, ఎచ్చట గాయపడిరి అని తెలిసికొనగోరితిమి. నంబరు లేనిదే వెదకుట దుస్సాధ్యము. ఆ పేరుగలవారు పటాలమున అనేకులు. పతకములైనను ఉండిన పని జరిగెడిది. భారతీయ సిపాయిలకిచ్చిన ఆనాటి పతకముల అంచుననో వెనుకనో నంబరు, పేరు చెక్కుట తరచుగా కానవచ్చును. తాతగారి పతకములను మా తండ్రిగారు ఒక కష్టకాలమున కంసాలికి చూపగా, వెండి కాదని ఆయన త్రిప్పి యిచ్చెనట. వెండి కానందున వానికి ఇంట విలువ పోయెను. పిల్లలము వానితో ఆడుకొని పోగొట్టితిమి.

ఆ పశ్చాత్తాపముతోనే మా సేకరణ మొదలైనది. ఆదివారము వచ్చిన అవెన్యూ రోడ్డు ప్రక్కల సంతకును, శివాజీనగరపు గుజరీకిని పోవుట అలవాటయ్యెను. మొదట తాతగారి వస్తువే ఎచ్చటనైన దొరకునేమో యను పిచ్చియాశ. పిదప ఏ సిపాయి వస్తువైనను గుర్తు చెడకముందే తెచ్చి దాచవలెనను తలపు. నేటికి నలుబదియొక్క వస్తువులు చేరినవి. వానిలో పేరుగాని నంబరుగాని కలవి ఏడు మాత్రమే. ఒకదానిపై అరవ అక్షరములు, ఒకదానిపై ఉర్దూ, తక్కినవానిపై ఇంగ్లీషు. ఆ యేడింటిని మేము తక్కినవానికంటె ఎత్తున దాచితిమి.

వస్తువును చదువు విధము కొంత తెలుపుదుము. సర్కారు సామానుపై మూడుగీతల బాణపు గుర్తు ఉండును. ఆ బాణమునకు తోడు ఐ అక్షరమున్న భారతదేశమునకు చెందినది. సి అక్షరము చుట్టియున్న కెనడాది. దాని చెంత తయారైన సంవత్సరము ముద్రించుట కలదు. నీళ్లసీసా ఎనామిలు పూసిన ఇనుపరేకుది. రెండు పింట్లు, అనగా లీటరు పైచిలుకు నీరు పట్టును. పైన ఉన్ని గుడ్డ తొడుగు. దానిని తడిపినచో, మన కూజా చెమర్చి చల్లబడినట్లే, లోని నీరు చల్లబడును. బిరడాను దారముతో కట్టుదురు, పోకుండుటకు. సినిమాలకై చేసిన నకళ్లు నేడు అంగళ్లలో పాతవానివలె చెల్లుచున్నవి. గుర్తులు చూడక కొనరాదు.

దిక్సూచిని గూర్చి ఒక హెచ్చరిక. చీకటిలో కనబడుటకు పూర్వము వాని ముండ్లకు రేడియము కలిసిన రంగు పూసెడివారు. ఆ మెరుపు ఏనాడో చచ్చినది. రేడియము మాత్రము చావలేదు. అది సగము తరుగుటకే 1600 ఏండ్లు పట్టును. అట్టిదానిని విప్పరాదు, గీకరాదు, పిల్లల చేతికీయరాదు. మొదటి ప్రపంచ యుద్ధపు వస్తువులకు నూరేండ్లు దాటినవి. చరిత్ర ప్రాధాన్యముగల నూరేండ్ల వస్తువు 1972 నాటి చట్టము ననుసరించి పురావస్తువగును. దానిని స్వేచ్ఛగా విదేశములకు పంపరాదు.

పదేండ్ల క్రిందట కోలారు గనులలోని మా మేనత్తగారింటికి పోయితిమి. ఆమె పిండి కొలుచుటకు వాడుచున్నది సైనికుల అన్నపు టిన్ను. "మీ తాతదే రా, నా పెండ్లికి సామాన్లతో వచ్చింది" అనెను. మా చేతులు వణకినవి. పిడిమీద మేకుతో గీచిన మూడంకెలు, వాని ప్రక్కన 'ము' అను అక్షరము కానవచ్చెను. నంబరులోని చివరి మూడంకెలనే తమ సామానుపై వ్రాయుట సిపాయిలలో వాడుక. పోయిన నంబరులో మూడంకెలు మాకు దక్కినవి. వెదకుటకు అవి చాలవు. అయినను అవి వారు గీచినవి.

1944 ఫిబ్రవరి 24న ఇటలీలో ఈ పటాలపు సుబేదారు సుబ్రహ్మణ్యముగారు మందుపాతరపై తమ దేహమును వైచి తోడివారిని కాపాడి, మరణానంతరము జార్జి క్రాసు పొందిరి. వారి పేరు చరిత్రలో నిలిచినది. వారివంటి దుస్తులే ధరించి, ఆ మన్నే త్రవ్వి మరలివచ్చిన వేలమంది పేర్లు సంచుల మూతలయందును, టిన్నుల పిడులయందును మాత్రమే యున్నవి. మా మనుమరాలు తెలుగు మాటాడును గాని చదువలేదు. బడిలో కన్నడము, ఇంగ్లీషు. టిన్నుమీది 'ము'ను వ్రేలితో దిద్ది, "ఇది ఏమక్షరం తాతా?" అని యడిగినది. ఆమె నేర్చిన మొదటి తెలుగక్షరము అదియే.

తాతగారి సంచిని మేము మరల ఉదుకలేదు. మూత నెత్తి వెలుతురునకు పట్టిన లేత ఊదా మరక యొకటి కనబడును. అక్షరములు లేవు.

ఈ సంచిక చదువు కుటుంబములలో ఎందరి యిండ్లనో అటకలమీద ఇట్టివి యుండును. పండుగకు బూజు దులుపునపుడు అట్టివి చేతికి వచ్చినచో నీరు తాకింపకుడు. ఇత్తడిని చింతపండుతో తోమకుడు. మొదట మూత యెత్తి చదువుడు. చదివినది కాగితముమీద వ్రాసికొనుడు. ఇంట పెద్దవారుండిన, ఇది ఎవరిదని వారినడిగి, వారు చెప్పిన పేరును తెలుగులోనే వ్రాసి దానికి కట్టుడు. దులుపుట, తుడుచుట తరువాత.